బెండు పక్కకు జరిగితే జెల్ల

మా చిన్నాయన గాలం పక్కన పెట్టింది 2018లో. నాకు తెలిసింది మాత్రం ఆ తర్వాత రెండేళ్లకు. సంక్రాంతికి నెల్లూరు వెళ్లినప్పుడు వరండాలో మూలకు ఎప్పుడూ ఆనించి ఉండే వెదురు కర్ర కనబడలేదు. "యాడ పెట్టినావు చిన్నాయనా?" అని అడిగితే "దొడ్లో చిక్కుడు తీగకు ఆసరాగా పాతినాలే అమ్మణ్ణీ" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. దొడ్లోకి పోయి చూశాను. కర్ర చివర దారం కట్టీ కట్టీ పడిన గాడి అట్లాగే ఉంది. దాన్ని చుట్టుకుని చిక్కుడు తీగ పూతకొచ్చి ఉంది.

ఈ మధ్య మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి "అత్తా, మన చెరువులో చేపలు తగ్గిపోయాయా?" అని అడిగాడు. కాలేజీలో ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. అవును అనబోయి ఆగాను. చెరువు గట్టున ట్రేలకు ట్రేలు చేపలు ఆటోలోకి ఎక్కిస్తుంటే వాడు కళ్లారా చూసినవాడే. వాడికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

కాగితాల మీద అది స్వర్ణాల చెరువు. మాకు ఉత్త "చెరువు". ఒక పక్క ఇరుకళల పరమేశ్వరి అమ్మవారి గుడి, ఇంకో పక్క బారా షహీద్ దర్గా. నడుమ నీళ్లు. కాలువ గుండా పెన్న నీళ్లు వచ్చి చేరేవి. పెన్నతో పాటే చేపలూ వచ్చేవి. వాటిని ఎవరూ తెచ్చి వదిలేవాళ్లు కాదు. నా చిన్నప్పుడు చెరువు కింద వరి పొలాలు ఎంత దూరం ఉండేవంటే, గట్టు మీద నిలబడితే అటు నీలం, ఇటు పచ్చ, ఆ రెండు రంగులే కనబడేవి.

చిన్నాయన చిన్నబజారులో ఒక బట్టల కొట్లో పనిచేసేవాడు. పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిది దాటాకే ఇల్లు చేరేది. వారానికి ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజూ చెరువుదే. అప్పటికాయనకు పెళ్లి కాలేదు. ముప్పై ఏళ్లు దాటినా ఎందుకు కాలేదని అవ్వ రోజూ బాధపడేది కానీ, నాకు మాత్రం అదే బాగుండేది. సైకిలు వెనక క్యారియర్ మీద చోటు నాదే.

బయలుదేరే ముందు నా పని ఎర్రలు తవ్వడం. స్నానాల గది నీళ్లు పారే చోట అరటి చెట్లుండేవి. అరటి బోదెల కింద మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండేది. చిన్న గునపంతో పెళ్లగిస్తే ఎర్రలు బయటపడేవి. వాటిని కొబ్బరి చిప్పలో వేసి, పైన కాస్త తడిమట్టి కప్పి, ఒక ఆకు పరిచేదాన్ని. లావుగా తెల్లగా ఉండేవి పనికిరావు. సన్నగా ఎర్రగా గిలగిల్లాడేవే కావాలి. అమ్మ చూసి మొహం చిట్లించేది. "ఆడపిల్లకు ఇదేం పనిరా, దాన్ని చెడగొడతుండావు" అని చిన్నాయన్ను తిట్టేది. ఆయన నవ్వి సైకిలెక్కేవాడు.

చేప కొరికితే తెలిసేలా గాలం దారానికి కట్టే జీలుగ బెండును బ్లేడుతో కోసి, నున్నగా అరగదీసి, నడుమ పిన్నుతో తొలిచి దారం ఎక్కించేవాడు. సగానికి ఎర్ర సిరా పూసేవాడు, నీటి మీద కనబడాలని. నాకు గాలం వేయడం కన్నా ముందు బెండును చదవడం నేర్పించాడు. టకటకా కొట్టుకుంటే పక్కె. కాస్త మునిగి, తేలి, ఆగి, మళ్లీ మునిగితే బొమ్మిడాయి, దానికి తొందర ఉండదు. మునగకుండా పక్కకు జరుగుతూ పోతే జెల్ల. ఉన్నట్టుండి బెండు మాయమైతే కొరమీను, అప్పుడు ఆలోచించకూడదు. ఇవన్నీ నాకు ఎక్కాల కన్నా ముందే వచ్చాయి. తర్వాత ఇరవై ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. నా మొదటి పాఠం మాత్రం ఆ ఎర్ర సిరా బెండు.

జెల్లకు వీపు మీద ఒక ముల్లు, చెవుల పక్కన రెండు ముళ్లు ఉంటాయి. బయటికి తీయగానే ఆ మూడూ నిగిడి బిగుసుకుపోతాయి. ఎన్నిసార్లు చెప్పినా వినకుండా ఒకసారి నేనే గాలం నుంచి విడదీయబోయాను. బొటనవేలి కింద దిగింది. ఆ సలుపు ఇప్పటికీ గుర్తుంది, మోచేతి దాకా పాకింది. ఇంటికి రాగానే అవ్వ ఉప్పు మూట కాచి రాత్రంతా కాపడం పెట్టింది. కాపడం పెడుతూనే "పులుసు తింటావా?" అని అడిగింది. తింటానన్నాను. నన్ను పొడిచిన జెల్లే ఆ పులుసులో ఉంది.

అవ్వ పులుసు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కొరమీనును బూడిద, కల్లుప్పు వేసి రాతి మీద రుద్దేది, జిగురంతా పోయి తెల్లబడే దాకా. మట్టి చట్టిలో పులుసు మరుగుతుంటే ముక్కలు వేసేది, వేశాక గరిటె పెట్టేది కాదు. చట్టి అంచుల్ని పాతగుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పేది. ఎండాకాలమైతే చివర్లో పుల్లమామిడికాయ ముక్కలు పడేవి. రాత్రి వండిన పులుసు రాత్రే తింటే అవ్వకు కోపం. "పొద్దున దాకా ఊరనీయండ్రా" అని చట్టిని ఉట్టి మీద పెట్టేది. ఇవాళ నేను ఏ ఊరికి పోయినా హోటల్ బోర్డు మీద "నెల్లూరు చేపల పులుసు" అని కనబడుతుంది. సంతోషమే. కానీ ఆ పేరు వెనక ఒక చెరువుందని, ఒక రకం చేపలున్నాయని అది తినేవాళ్లకు తెలిస్తే బాగుండు అనిపిస్తుంది.

గట్టున మాకు తోడుగా యానాది తెగకు చెందిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మేం తాత అనే పిలిచేవాళ్లం. ఆయనకు గాలం లేదు. వెదురుతో అల్లిన ఊత ఒకటి, రెండు చేతులు, అంతే. మోకాలి లోతు నీళ్లలో కదలకుండా నిలబడి బుడగలు చూసి, కింద ఉన్న చేప మార్పో, మట్టగిడసో చెప్పేవాడు. ఊత దించి, పైనుంచి చెయ్యి పెట్టి తీస్తే ఆయన చెప్పిందే ఉండేది. నేను డిగ్రీలో చదువుకున్నాను, ఈ చేపలు మొప్పలతో పాటు గాలి కూడా పీల్చగలవని, అందుకే అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగి పోతాయని. తాత అది ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏ చేప ఎంతసేపటికి పైకొస్తుందో కూడా ఆయనకు తెలుసు, అది మా పుస్తకంలో లేదు. ఆయన పోయాక ఆ విద్య ఎవరి దగ్గరుందో నాకు కనబడలేదు. వాళ్ల పిల్లలు తాపీ పనులకు, రొయ్యల గుంటల కాపలాకు పోయారు.

ఇక అసలు సంగతి చెప్పాలి. నాకు పదకొండేళ్లు. 1983. వానలు మొదలైన రోజులు. గుడి వైపు తుంగ ఒత్తుగా ఉన్న చోట నీళ్ల మీద ఎర్రగా ఏదో కదులుతోంది. పిడికెడు కుంకుమ నీళ్లలో చల్లితే కరగకుండా ఒకచోటే తిరుగుతున్నట్టుంది. "చిన్నాయనా, అదేంది?" అన్నాను. ఆయన నా నోటి మీద చెయ్యి పెట్టాడు. కాసేపటికి ఆ ఎరుపు కింద నల్లటి వీపు ఒకటి మెల్లగా పైకి తేలి, గుటుక్కున గాలి మింగి మునిగింది. కొరమీను. ఆ ఎరుపంతా దాని పిల్లలు. వందలు, వేలు. తల్లి, తండ్రి రెండూ కింద కాపలా కాస్తుంటాయి. అడ్డం వచ్చింది కప్పయినా పామైనా మీద పడతాయి. అందుకే ఆ సమయంలో దాన్ని పట్టడం చాలా తేలిక. కప్పపిల్లను గాలానికి గుచ్చి పిల్లల గుంపు మీద ఆడిస్తే చాలు, ఆకలి లేకపోయినా కోపంతో కరుస్తుంది.

మా దగ్గర గాలం ఉంది. గట్టు కింద కప్పలున్నాయి. నేను ఆశగా చూశాను. చిన్నాయన దారం చుట్టేసి "పదమ్మణ్ణీ, ఆ పక్కకు పోదాం" అన్నాడు. ఆ రోజు రెండు పక్కెలతో ఇంటికొచ్చాం.

మర్నాడు బడి ఎగ్గొట్టి ఒక్కదాన్నే అక్కడికి పోయాను. ఎవరో ముందే వచ్చి పోయారు. గట్టు మీద తొక్కిన బురద, సిగరెట్ పెట్టె. ఎర్ర గుంపు చెల్లాచెదురై ఉంది. పది ఒక చోట, ఇరవై ఒక చోట, ఎటు పోవాలో తెలియనట్టు. కొంగలు దిగాయి. నేను రాళ్లు విసిరాను. ఎన్నని విసరను? చేతిలో రాళ్లు అయిపోయి అక్కడే కూర్చుని ఏడ్చాను. చెరువులో చేప తగ్గడం అంటే ఏమిటో నేను మొదట చూసింది ఆ రోజు. అప్పటికి మురుగు కాలువల గొడవలేదు, ప్లాట్లు లేవు, ఏమీ లేవు. ఒక్క కప్పపిల్ల, ఒక్క గాలం.

ఆ అక్టోబరులోనే మొహర్రం వచ్చింది, రొట్టెల పండగ. ఇప్పటిలా లక్షల జనం, బారికేడ్లు అప్పుడు ఎరగం. కోరుకున్న కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి చెరువు నీళ్లలో నిలబడితే, అదే కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె తీసుకుని తినేవాళ్లు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె. హిందువులూ ముస్లిములూ ఒకే నీళ్లలో నిలబడేవాళ్లు. అవ్వ నన్ను నడుం లోతు నీళ్లలో నిలబెట్టి చిన్నాయన కోసం పెళ్లి రొట్టె తీసుకుంది. రొట్టె తుంపులు నీళ్లలో పడితే పరిగెలు మూగేవి. పాదాలను పొడిచేవి. చక్కిలిగింతలకు నేను నవ్వుతుంటే అవ్వ "భక్తిగా ఉండవే" అని గసిరి, తనూ నవ్వేసింది. పండగ అయ్యాక వారం రోజులు చిన్నాయన గాలం ముట్టేవాడు కాదు. "రొట్టె తిన్న చేపను ఎట్లా పట్టేది?" అనేవాడు. ఎవరూ పెట్టిన నియమం కాదు అది, ఆయనదే. మరుసటి ఏడు ఆయన పెళ్లి జరిగింది. అవ్వ రొట్టె బాకీ తీర్చింది.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటింది. మా వీధిలో రెండు కొబ్బరి చెట్లు పడ్డాయి. ఎక్కడెక్కడి జనం పోయారో రేడియోలో చెబుతుంటే పెద్దవాళ్లు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. వాన తగ్గాక పొలాల నీళ్లు, కాలువ నీళ్లు, చెరువు నీళ్లు ఒకటయ్యాయి. మా ఇంటి ముందు సైడు కాలువలో పరిగెలు ఎదురీదుతూ వచ్చాయి. పిల్లలం గంపలు పట్టుకుని దిగాం. తర్వాత ఎప్పుడో అర్థమైంది, ఆ ఎదురీతే చెరువు ప్రాణం. చేపలు వాన నీళ్లకు పొలాల్లోకి ఎక్కి, పల్చటి నీళ్లలో గుడ్లు పెట్టి, పిల్లలు కాలువల గుండా తిరిగి చెరువుకు చేరతాయి. దారి అటూ ఇటూ తెరిచి ఉండాలి.

1985లో నేను పెద్దమనిషినయ్యాను. క్యారియర్ మీద చోటు పోయింది. ఎవరూ తిట్టలేదు, వద్దని కూడా అనలేదు. ఆ వారం చిన్నాయన సైకిలు తీసి, నా వైపు ఒకసారి చూసి, తలొంచుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి బుట్ట నా ముందు పెట్టి, "బెండు మునగలా. పక్కకు పోయింది. ఏంది చెప్పు?" అన్నాడు. "జెల్ల." "టకటకా కొట్టింది?" "పక్కె." నా పెళ్లి దాకా ప్రతి వారం ఈ ఆట సాగింది. గట్టుకు పోని చేపలు అట్లా పట్టాను నేను.

పెళ్లయి ఒంగోలు వెళ్లాక ఏడాదికి రెండుసార్లు రావడమే. అందువల్ల మార్పు నాకు ముక్కలు ముక్కలుగా కనబడింది. ఒక ఏడు కాలువలో పరిగెలు లేవు. ఒక ఏడు గట్టు కింద పొలాల్లో తెల్లరాళ్లు పాతి ఉన్నాయి. తర్వాత అవి ఇళ్లయ్యాయి. ఇళ్ల నీళ్లు పల్లానికే పోతాయి, పల్లాన చెరువుంది. మురుగు చేరిన చోటల్లా గుర్రపుడెక్క. అది కప్పేసిన నీళ్లలో వెలుతురు ఉండదు, కుళ్లినప్పుడు ఆక్సిజన్ ఉండదు. ఒక ఏడు చిన్నాయన బుట్టలో అన్నీ ఒకే రకం చేపలు. బూడిద రంగు, వీపున ముళ్ల కుచ్చు. జిలేబి.

జిలేబి అంటే తిలాపియా, ఆఫ్రికా చేప. మన దేశానికి 1952లో తెచ్చారు. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది, ఏడాదికి చాలాసార్లు పెడుతుంది, మురుగు నీళ్లకు కూడా తట్టుకుంటుంది. క్లాసులో ఈ పాఠం చెప్పేటప్పుడు నేను దాన్ని మెచ్చుకునేదాన్ని, నిజంగానే గొప్ప ప్రాణి. ఆ గొప్పతనమే మిగతావాటికి చోటు లేకుండా చేసింది. చిన్నాయనకు ఇదంతా చెబితే, "దాని తప్పేముంది అమ్మణ్ణీ, అది బతకతా ఉంది. మిగతావి బతికే నీళ్లు యాడున్నాయి?" అన్నాడు.

ట్రేల సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు పెద్ద చెరువుల్లో పట్టేది ఎక్కువగా బొచ్చె, శీలావతి. అవి నిలవ నీళ్లలో పిల్లల్ని పెట్టవు. పారే ఏటి నీళ్లు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన తోటివాళ్లు పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి ఇలాంటి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అది లేకపోతే ఇవాళ ఇంతమంది పేదవాళ్ల కంచంలో చేప ఉండేది కాదు, ఆ పనంటే నాకెంతో గౌరవం. కానీ ఆ చేపపిల్లల్ని డబ్బు పెట్టి కొని వదలాలి. వదిలినవాళ్లు పట్టుకుంటారు. కాబట్టి తూకం వేస్తే చెరువులో చేప తగ్గిందని నేను అనలేను, పెరిగి కూడా ఉండొచ్చు. వదలకుండా, ఎవరూ పిలవకుండా, పెన్న నీళ్లతో పాటు తమంతట తాము వచ్చి మన చెరువులో కాపురం పెట్టిన చేపలు పోయాయి. తమ్ముడి కొడుక్కి నా జవాబు ఇదే.

2018లో ఏం జరిగిందో పిన్నమ్మ చెప్పింది, ఆయన చెప్పలేదు. చెరువును వేలంపాటలో పాడుకున్నవాళ్ల తరఫు కుర్రాడొకడు బండి మీద వచ్చి, గట్టున కూర్చున్న చిన్నాయన చేతిలోంచి గాలం లాక్కుని, దారం తెంపేశాడట. "ఎవర్నడిగి పడతుండావు పెద్దాయనా?" అన్నాడట. చిన్నాయన కర్ర తీసుకుని ఇంటికొచ్చి, ఆ మధ్యాహ్నమే చిక్కుడు పాదులో పాతాడు. ఆ కుర్రాడి తప్పని కూడా నేను అనను, వాళ్లు పెట్టుబడి పెట్టారు. కానీ యాభై ఏళ్లు ఆ గట్టున కూర్చుని, పిల్లలున్న కొరమీనును చూసి గాలం చుట్టేసిన మనిషి ఆయన. ఆ మాట వినాల్సినవాడు కాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి వణుకుతోంది.

2024 జూలైలో రొట్టెల పండగకు వెళ్లాను. మొహర్రం తిరిగి తిరిగి ఎండ పూర్తిగా తగ్గని జూలైలో పడింది. ఘాట్లు కట్టారు, మెట్లు, లైట్లు, షవర్లు. జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. చిన్నాయనకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్లు సహకరించవు. పండగ రద్దీలో రానన్నాడు. ముందు రాత్రి ఇద్దరం కూర్చుని, ఆ చెరువులో ఆయన గాలానికి పడిన చేపల పేర్లు ఒక కాగితం మీద రాశాం. కొరమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలీకం, బొమ్మిడాయి, గొరక, పక్కె, పరిగె, ఉలస, మలుగు. పన్నెండు. మానేయడానికి ముందు చివరి అయిదేళ్లలో ఏవి పడ్డాయని అడిగాను. కొరమీను ఒక్కసారి. పక్కెలు కొన్ని. మిగిలినవన్నీ పన్నెండులో లేని జిలేబి. "జెల్ల?" అన్నాను. ఆయన గుర్తు చేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. "రాలేదు" అన్నాడు.

పండగయిన మూడో రోజు తెల్లవారుజామున ఆయనే నన్ను లేపాడు. ఆటోలో పోయాం. గట్టున ఇంకా ప్లాస్టిక్ గ్లాసులు, రొట్టె ముక్కలు. గుడి వైపు పదేళ్ల పిల్లాడొకడు వాటర్ బాటిల్‌కు దారం చుట్టుకుని, గోధుమ పిండి ముద్దతో గాలం వేస్తున్నాడు. కవర్లో మూడు చిన్న జిలేబీలు. చిన్నాయన మెల్లగా వాడి పక్కన కూర్చుని, జేబు రుమాలు విప్పాడు. లోపల కొబ్బరి చిప్ప, తడిమట్టి, పైన ఒక ఆకు. ఎప్పుడు తవ్వాడో, ఆ మోకాళ్లతో ఎట్లా వంగాడో నాకు తెలియదు.

వాడికి ఎర్ర గుచ్చి ఇచ్చాడు. బెండు బదులు థర్మోకోల్ ముక్క. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. కొంచెం సేపటికి థర్మోకోల్ మునగకుండా పక్కకు జరిగింది. ఇంకాస్త జరిగింది. చిన్నాయన చెయ్యి నా మణికట్టు మీద పడింది. ఇద్దరం ఏమీ అనలేదు. పిల్లాడు ఆగలేక లాగేశాడు.

గాలం ఖాళీగా వచ్చింది. ఎర్ర సగం తెగి ఉంది.

"తొందరపడినావు అబ్బయా" అన్నాడు చిన్నాయన, చిప్పలోంచి ఇంకో ఎర్ర తీస్తూ. "ఆడే వెయ్యి మళ్లా."